చూరు నీళ్ళు

మా వాల్‌నేర్ చర్చి ఉత్తరం గోడ నాకు జీవితాంతం తలనొప్పే. దక్షిణం వైపు ఎండ తగులుతుంది. సమాధులూ, పూలూ, ఆదివారం పూజయ్యాక కబుర్లూ అన్నీ అటే. ఉత్తరం వైపు నాచు, దురదగొండి, నీడ. ఆ గోడ కట్టి ఏడు వందల ఏళ్ళు దాటింది. కట్టిన సన్యాసులు పైన తేలికపాటి చెక్క కప్పు వేశారు. వంద ఏళ్ళ తర్వాత ఎవరో గొప్పకి పోయి రాతి కమాను ఎక్కించారు. ఆ బరువుకి గోడ బయటికి వంగడం మొదలుపెట్టి ఇప్పటిదాకా వంగుతూనే ఉంది. ఏదో యుద్ధంలో సైనికులు ఉత్తరం తలుపు తగలబెడితే చుట్టూ రాళ్ళు ఎర్రబడ్డాయి. ఆ తలుపు మూసి రాయి పేర్చినవాడు సున్నం దగ్గర పిసినారితనం చేశాడు. నేను తాపీ మేస్త్రిని, నా పేరు బ్లేజ్. ఇలాంటివి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, చేసినవాడు ఎన్ని వందల ఏళ్ళ కిందట చచ్చినా సరే.

ఆ గోడ పైన, చూరు కింద, పదిహేడు రాతి తలలు వరసగా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. పొట్టేలు, నాలుక చాపినవాడు, పీపా మోసేవాడు, ముసుగు ఆడది, చెవుల్లేని కుక్క. ఎందుకు చెక్కారో ఫాదరుకీ తెలియదు, మాకూ తెలియదు. మగవాళ్ళం వాటిని పట్టించుకోలేదు. ఆడవాళ్ళు మాత్రం ఆ దారిన పోతూ ఒకసారి తల ఎత్తి చూసేవాళ్ళు. ఒక్కొక్కరు ఒక్కో తలకేసి. పెళ్ళయిన చాలా ఏళ్ళకి గాని అదేమిటో నాకు తెలియలేదు.

జ్ఞానస్నానం కాకుండా పోయిన బిడ్డకి ఫాదరు మంత్రించిన సమాధుల నేలలో చోటు లేదు. పేరు లేదు. స్వర్గం అంతకన్నా లేదు. వెలుగూ చీకటీ కాని ఏదో చోట ఊరికే ఉండిపోతుంది, తల్లి చచ్చి పైకి పోయినా కలవడానికి ఉండదు. అందుకని మా ఊరి మంత్రసాని సోలాంజ్ అవ్వ అలాంటి బిడ్డల్ని తెల్లారగట్ల పాలు పితికే వేళకి ఒళ్ళో గుడ్డ కింద దాచి తెచ్చి, ఉత్తరం గోడ మొదట్లో పాతిపెట్టేది. చర్చి కప్పు మీద పడిన వాన చూరు మీదుగా ఆ బిడ్డ మీద పడుతుంది. ఆ నీళ్ళు ఏడేళ్ళు పడితే జ్ఞానస్నానం అయినట్టే. ఎనిమిదో ఏట, నవంబరులో చనిపోయినవాళ్ళ పూజలో ఫాదరు పేర్లు చదువుతుంటే ఆ తల్లి కూడా పెదాల్లోనే తన బిడ్డ పేరు చెప్పుకుంటుంది. అప్పటిదాకా ఆ బిడ్డని తల గుర్తుతోనే చెప్పాలి. కుక్క కింద వాడు, పీపా కింద పిల్ల అని.

ఇంకొకటి కూడా చెప్పేది సోలాంజ్ అవ్వ. నీళ్ళు పూర్తిగా అందిన బిడ్డ ఏమీ మిగల్చదట. ఎముక కూడా. ఏదైనా మిగిలిందంటే ఆ బిడ్డ ఇంకా ఎదురుచూస్తున్నట్టు లెక్క.

మా పిల్ల పొట్టేలు కింద ఉంది. అది పుట్టిన మార్చిలో నేను ఊళ్ళో లేను. మా ప్రాంతపు మగవాళ్ళందరిలాగే ప్యారిస్‌లో ఎవరెవరి మేడలకో రాళ్ళు మోస్తున్నాను. నవంబరులో తిరిగొచ్చేసరికి నా భార్య జిల్బెర్త్ పొట్ట ఖాళీగా ఉంది, ఉయ్యాల అటకెక్కింది. "పొట్టేలు కింద" అంది. అంతే. నేను ఇంకేం అడగలేదు. అడగాల్సింది. ఆ తర్వాత మాకు పిల్లలు పుట్టలేదు.

ఆ చలికాలమే ఊరి పెద్దలు చర్చి కప్పు నాకు అప్పగించారు. చెక్క పెంకులు కుళ్ళిపోయాయి, పలకరాయి వెయ్యాలి. నాకు అప్పుడు ముప్ఫై కూడా లేవు. ప్యారిస్‌లో నేర్చుకున్న పని చేతుల్లో దురదగా ఉంది. వాసాల కొసలకి ముక్కలు జోడించి ఉత్తరం చూరుని మూరెడు బయటికి దింపాను. గోడ తడవకూడదని. ఆ పని చూసి పక్క ఊళ్ళ మేస్త్రులు కూడా మెచ్చుకున్నారు. మరుసటి ఏడాది సోలాంజ్ అవ్వ పోయింది. ఆమె తర్వాత వచ్చిన మంత్రసాని కూడా అక్కడే పాతేది, కానీ ఆమె చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూసి పాతేది. ఆ తేడా ఎవరికీ తట్టలేదు. నాకైతే ఏడు జన్మలెత్తినా తట్టేది కాదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు గడిచాయి. మూడేళ్ళ కిందటి వేసవిలో జిల్లా పట్నం నుంచి వర్నాద్ దొర అనే ఆర్కిటెక్టు వచ్చాడు. సన్నటి మనిషి, గడ్డం నూనె రాసి దువ్వినట్టుంటుంది. గోడ మొదలు తవ్వి పునాది చూడాలి, బలహీనంగా ఉన్నచోట రాయి కట్టాలి, చూరు పొడవునా జింకు గొట్టం పెట్టి నీళ్ళు పక్కకి తోలాలి అన్నాడు. పని నాకే ఇచ్చాడు, ఊళ్ళో ఇంకా కాళ్ళ మీద నిలబడ్డ మేస్త్రిని నేనొక్కణ్ణే కాబట్టి.

గోడ పక్కన నడుస్తూ ఆగి పైకి చూశాడు. "ఈ చూరు పొడిగించింది ఎవరు?"

"నేనే దొరగారూ. నా కుర్రతనంలో."

"నువ్వు ఈ పని చెయ్యకపోతే ఈ గోడ ఎప్పుడో నేల మీద పడి ఉండేది." కర్రతో గోడ మొదట్లో పొడిచాడు, ధూళి లేచింది. "చూడు, ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ చుక్క నీరు పడలేదు. నీళ్ళన్నీ అదిగో, మూరెడు అవతల పడి కాలువ కోశాయి. ఆ కాలువే ఇప్పుడు మన తంటా. కానీ గోడని మాత్రం నిలబెట్టావు."

చదువుకున్నవాడు నా పనిని మెచ్చుకోవడం నా బతుకులో అదే మొదటిసారి. నా ఛాతీ ఉబ్బింది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

జిల్బెర్త్ అప్పటికే మంచం పట్టింది. ఊపిరితిత్తుల జబ్బు. అక్టోబరులో చెస్ట్‌నట్ కాయలు రాలే వేళ దాకా ఉండదని డాక్టరు నాతో చాటుగా చెప్పాడు, ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుసు. పొయ్యి పక్కన దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. నేను సూప్‌లో రొట్టె తుంచి తినిపిస్తూ దొర అన్న మాటలు పూస గుచ్చినట్టు చెప్పాను.

"చుక్క నీరు పడలేదన్నాడా?" అంది.

"చుక్క కూడా. చూశావా మీ ఆయన పనితనం."

"ఎప్పట్నుంచి?"

"నేను చూరు దింపిన చలికాలం నుంచి. ఇంకెప్పట్నుంచి?"

ఆమె నా చెయ్యి పక్కకి తోసింది. సూప్ దుప్పటి మీద ఒలికింది.

"ఏమైందే?"

"సోలాంజ్ దాన్ని గోడకి ఆనించి పెట్టింది బ్లేజ్. వేలు కూడా పట్టనంత దగ్గరగా. నేను లేచి వెళ్ళలేకపోతే నాకు ఆవిడ వచ్చి చెప్పింది, గోడకి ఆనించి పెట్టానమ్మా, కుక్కలు తవ్వవు అని."

నాకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. నేను మొద్దుగాణ్ణి. మార్చిలో పాతారు, డిసెంబరులో నేను చూరు దింపాను. తొమ్మిది నెలల వాన. ఏడేళ్ళలో తొమ్మిది నెలలు.

"నేను పూజలో దాని పేరు చెప్పుకున్నాను," అంది జిల్బెర్త్. "ఎనిమిదో ఏడు. రోజాలీ అని. ఎవరికి చెప్పినట్టు నేను?"

"గాలికి వాన వాలుగా కూడా పడుతుందే. ఉత్తరపు గాలి ఊరికే ఉంటుందా."

"నాకు తాపీ పని నేర్పకు. తవ్వబోయేది నువ్వే కదా. ఆ పొట్టేలు కింద వేరేవాళ్ళ పార పడనివ్వకు. ఏమైనా మిగిలిందో లేదో చూసి వచ్చి నాకు చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు. నేను పోయేది ఎక్కడికో, అక్కడ ఎవరుంటారో నాకు తెలియాలి."

మర్నాడు పని మొదలయింది. ఇద్దరు కూలీలు తలుపు వైపు నుంచి తవ్వుకుంటూ వచ్చారు. దారి అంచున ఆడవాళ్ళు నిలబడ్డారు, ఒక్కొక్కరు ఒక్కో తలకేసి చూస్తూ. ఉర్సుల్ అనే పిల్ల, రెండేళ్ళ కిందట పురిట్లో బిడ్డని పోగొట్టుకుంది, నా దగ్గరికి వచ్చి, "బ్లేజ్ మావా, నావాడు నాలుక కింద ఉన్నాడు. ఎత్తితే ఎత్తావు గానీ మళ్ళీ నీళ్ళలోనే పెట్టు," అంది. పెడతానన్నాను. కూలీలు ఆ పిల్ల చెప్పినచోట తవ్వితే బంకమట్టి, పార అంటుకుపోయేంత తడి. గుడ్డపీలిక తప్ప ఏమీ లేదు. ఉర్సుల్ ఏడవలేదు. "రెండేళ్ళకేనా?" అని మాత్రం అంది, ముఖం విప్పారింది. ఆ ముఖం చూసి నాకు అసూయ వేసింది. ఆ పిల్ల దుఃఖం మీద నాకు అసూయ.

పొట్టేలు కింద భాగం నాకోసం ఉంచుకున్నాను. కూలీల్ని రాళ్ళ బండి దగ్గరికి పంపి, మోకాళ్ళ మీద కూర్చుని చేతి తాపీతో మొదలుపెట్టాను.

మట్టి పొడి. జల్లెడ పట్టిన పిండి. వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. పునాది రాయి అంచు కనిపించింది, మంచి రాయి, సన్యాసులు నేర్చిన మనుషులు. దాని పక్కనే బట్ట తగిలింది. జిల్బెర్త్ తెల్ల తలగుడ్డ. పెళ్ళికి కట్టుకున్నది. ఏమైందని ఒకసారి అడిగితే ఉతుకుతుంటే ఏట్లో కొట్టుకుపోయిందని చెప్పింది. దానికి గుచ్చిన గుండుసూదికి తుప్పు కూడా పట్టలేదు. విప్పాను. అన్నీ ఉన్నాయి. పక్కటెముకలు, వేళ్ళు, గోరంత గోరంత. తల నా అరచేతిలో ఇమిడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను దాన్ని ఎంత జాగ్రత్తగా దాచానంటే ఒక్క ఎముక చెడలేదు.

గుడ్డ మళ్ళీ చుట్టి సూది గుచ్చాను. తర్వాత దాన్ని నా తోలు పనిగుడ్డలో చుట్టుకుని ఫాదర్ లసేర్ దగ్గరికి వెళ్ళాను. కుర్రవాడు, మా ఊరికి వచ్చి రెండేళ్ళు. చెడ్డవాడు కాదు. బల్ల మీద పెట్టి విప్పితే చూసి శిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఒక్క చెంచాడు నీళ్ళు పొయ్యండి ఫాదరూ," అన్నాను. "ఆవిడ పోయేలోపు."

"బతికున్నవాళ్ళకే బ్లేజ్. ఎముకలకి జ్ఞానస్నానం లేదు."

"ఎవరూ చూడరు. మీరు నోరు కూడా తెరవక్కర్లేదు."

"పోస్తే అది ఆటవుతుంది. నీతో ఆట ఆడలేను, దేవుడితో అసలే ఆడలేను." ఆయన బట్ట అంచుని ఎముకల మీదికి కప్పాడు. "ఆ చూరు నీళ్ళ సంగతి నేను ఆమెకి ముందే చెప్పాను. దానివల్ల ఏమీ కాదు, దేవుడి దయకి వదిలెయ్యమని."

"పిల్లల్ని కన్నవాళ్ళకి చెప్పే మాటేనా అది?"

ఆయన తల దించుకున్నాడు. "ఇప్పుడు వెళ్ళి ఏం చెప్తావు?"

"మీరు చెప్పండి."

"నిజం చెప్పు."

అబద్ధం ఆడకూడదని ఈయనకి పుస్తకాలు నేర్పాయి, ఆ అబద్ధం కోసం కాచుకున్న ముఖం ముందు కూర్చోవాల్సింది మాత్రం నేను. మూట కట్టుకుని బయటికి వచ్చాను.

చూరు నీళ్ళ కాలువ దగ్గరికి వెళ్ళాను. అక్కడి నల్లమట్టి రెండు చేతులా తీసి మోచేతుల దాకా పూసుకున్నాను, గోళ్ళలోకి ఎక్కించాను. చెక్కబూట్లు బురదలో ముంచాను. మోకాళ్ళ మీద కూడా రాశాను, ఎందుకంటే తడిమట్టిలో తవ్వినవాడికి మోకాళ్ళు నల్లబడాలి. నా జన్మలో ఏ పనీ అంత శ్రద్ధగా చెయ్యలేదు. మూటని మా కట్టెల పాకలో, పనిముట్ల పెట్టెలో పెట్టి ఇంట్లోకి వెళ్ళాను.

జిల్బెర్త్ తలుపుకేసి చూస్తూ ఉంది. పొద్దుట్నుంచి అలాగే ఉందని పక్కింటావిడ చెప్పి వెళ్ళిపోయింది.

"ఏమైనా మిగిలిందా?"

"ఏం లేదే."

"బట్ట?"

బట్ట సంగతి నేను ఆలోచించలేదు. "బట్ట కూడా లేదు," అన్నాను. "నల్లటి బురద. పార ఊడి రాలేదు. ఆ దొరకి గోడలు తెలుసుగానీ మట్టి తెలియదు. పైపైన పొడి, జానెడు లోపల అంతా నీళ్ళే."

"చేతులు చూపించు."

చూపించాను. ఆమె నా చేతులు దగ్గరికి లాక్కుని వాసన చూసింది. ఒక వేలితో నా గోటి కింద మట్టి గీకి, చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నలిపింది. అది జిగురుగా సాగింది.

"ఒట్టు?"

"ఒట్టు."

"దేని మీద?"

"నీ మీద," అన్నాను.

ఆ మట్టిని దుప్పటికి తుడుచుకుంది. తర్వాత, "మొద్దు వెధవా, నన్ను ఎంత భయపెట్టావు," అని నవ్వింది. దగ్గొచ్చింది, దగ్గులోనే నవ్వింది. "పెళ్ళి గుడ్డలో చుట్టాను తెలుసా. నీతో ఏట్లో పోయిందని చెప్పాను."

"తెలియదు," అన్నాను.

"దానికి జుట్టు ఉంది బ్లేజ్. పుట్టడమే నల్లటి జుట్టుతో పుట్టింది, నీ పోలికే. ముప్ఫై ఏళ్ళుగా అక్కడ ఎవరు దువ్వుతున్నారో. నేను వెళ్ళాక ముందు అది చూస్తాను."

ఆ రోజు నుంచి ఆమెకి భయం పోయింది. చూడటానికి వచ్చిన ఆడవాళ్ళందరికీ రోజాలీ సంగతి గట్టిగా, పేరు పెట్టి చెప్పేది. రోజాలీ ఇలా ఉండేది, రోజాలీకి నా ముక్కు రాలేదు అదృష్టం అని. ఫాదర్ లసేర్ చివరి తైలం పూయడానికి వచ్చినప్పుడు ఆయనతో కూడా, "నేను నా కూతురి దగ్గరికి పోతున్నాను ఫాదరూ, మీ పుస్తకం ఏమన్నా సరే," అంది. ఆయన నాకేసి చూశాడు. నేను పొయ్యికేసి చూశాను. ఆయన ఏమీ అనలేదు, ఆ ఒక్కదానికి నేను ఆయనకి రుణపడి ఉన్నాను. పద్దెనిమిదో రోజు పొద్దున జిల్బెర్త్ పోయింది. ఆమె ముఖంలో ఎక్కడికో తొందరగా వెళ్ళాల్సినవాళ్ళ కళ ఉంది.

తల్లి శవపెట్టెలోనే పిల్లని కూడా పెట్టలేకపోయావా అని మీరు అనవచ్చు. అంత్యక్రియల ముందురోజు నేను కూడా మూట చేత్తో పట్టుకుని పెట్టె దగ్గర నిలబడ్డాను. కానీ పెట్టెలో వాన పడదు. మూసిన పెట్టెలో ఇద్దరినీ పక్కపక్కన పడుకోబెడితే అది నా కంటికి బాగుంటుంది, అంతే. అక్కడ కలవడానికి పనికిరాదు.

అంత్యక్రియలైన మర్నాడు మూటని పొట్టేలు ఎదురుగా, గోడకి మూరెడు అవతల, చూరు నీళ్ళు సరిగ్గా పడేచోట పెట్టాను. గుడ్డ విప్పేసి పెట్టాను, నీళ్ళు తొందరగా చేరతాయని. జింకు గొట్టం వచ్చినప్పుడు నాలుక దగ్గర్నుంచి పొట్టేలు దాకా గోడ రాయి కొక్కేన్ని పట్టదని దొరతో చెప్పాను. పట్టే రాయే. నాలుగు మూరల మేర గొట్టం లేకుండా వదిలేయించాను. అక్కడ నీళ్ళు మళ్ళీ పడుతున్నాయి. కాలువ మళ్ళీ కోస్తోంది, పునాది కింద మట్టి జారుతోంది. గోడ మీద కొత్త పగులు ఒకటి లేచింది. పోయిన నెల దొర వచ్చి చూసి, నీలాంటి పనివాడు ఇలా చేస్తాడనుకోలేదు అన్నాడు. తల ఊపాను. గోడ ఇంకో నాలుగేళ్ళు ఆగితే చాలు. నేను ఆగాలి, అది కూడా ఉంది. నా దగ్గు కూడా ఈమధ్య జిల్బెర్త్ దగ్గులాగే ఉంటోంది.

వాన పడ్డప్పుడల్లా వెళ్ళి నిలబడతాను. మూడేళ్ళ వాన అయింది. అయితే ఏం. నేను ఒట్టు పెట్టింది మూడేళ్ళ కిందట. ఆమె పోయిన రోజు పొద్దునే అక్కడికి వెళ్ళి ఉంటుంది. వెళ్ళగానే, గుమ్మంలోనే, రోజాలీ అని పిలిచి ఉంటుంది. ఎవరూ పలికి ఉండరు. ఇంకోసారి పిలిచి ఉంటుంది. అప్పుడు నా చేతుల మట్టి గుర్తొచ్చి ఉంటుంది ఆమెకి.